తోక రెక్కలో పోగైన బలం

పైలట్ బలంగా నెడుతుంటే ఆటోపైలట్ లొంగి తీరాలి కదా అని ఒక పాఠకుడు అడిగారు. ఎంత మంచి ప్రశ్న! దీనికి జవాబు 1994 ఏప్రిల్ 26 రాత్రి జపాన్‌లోని నగోయాలో దొరుకుతుంది.

తైపీ నుంచి వచ్చిన చైనా ఎయిర్‌లైన్స్ ఎయిర్‌బస్ ఎ300 దిగుతోంది. ఇంకా వెయ్యి అడుగుల ఎత్తులో ఉండగా కో-పైలట్ చేయి పొరపాటున గో లివర్‌కు తగిలింది. దిగడం మాని పైకి లేవమని చెప్పే మీట అది. ఆ ఆదేశం రద్దు కాకుండానే ఆటోపైలట్ ఆన్ అయింది. కో-పైలట్ మాత్రం దిగడానికే, ముక్కును పైకీ కిందికీ కదిపే కంట్రోల్ కాలమ్‌ను ముందుకు నెడుతున్నాడు.

అసలు కథ తోకలో జరిగింది. తోక దగ్గర అడ్డంగా ఉండే రెక్క స్టెబిలైజర్. దాని వెనక అంచున ఉండే కదిలే పలక ఎలివేటర్. కాలమ్ నెడితే కదిలేది ఆ పలకే. ట్రిమ్ అనే ఏర్పాటు మాత్రం రెక్క మొత్తాన్నీ తిప్పుతుంది. నిదానంగానే, కానీ ఎలివేటర్‌ను మించిన బలంతో. ముక్కు లేవకుండా ఏదో అడ్డుపడుతోందని మాత్రమే ఆటోపైలట్‌కు తెలుసు. ఆ అడ్డు మనిషి చేయి అని గుర్తించి తప్పుకునే ఏర్పాటు ఆ మోడ్‌లో లేదు. అందుకే రెక్కను ఇంకా, ఇంకా తిప్పింది. సుమారు 20 సెకన్లలో మైనస్ 5.3 డిగ్రీల నుంచి మైనస్ 12.3కి. పలక ఒకవైపు, రెక్క రెండోవైపు. పైకి పెద్దగా ఏమీ కనిపించదు. లోపల మాత్రం ఎక్కుపెట్టిన విల్లులా బలం పోగవుతోంది. యంత్రం మనిషితో పోరాడిందని చాలామంది రాశారు. కాదు. ఎదుట మనిషి ఉన్నాడన్న సంగతే దానికి తెలియదు.

ఆటోపైలట్‌ను ఆపినా తోక రెక్క తిరిగిన చోటే ఉండిపోయింది. వేగం తగ్గడంతో ఇంజన్లు వాటంతటవే పూర్తి బలం అందుకున్నాయి. రెక్కల కింద వేలాడే ఇంజన్లు కదా, అవీ ముక్కును పైకే ఎత్తాయి. కెప్టెన్ కంట్రోల్ తీసుకుని, దిగడం కుదరదని పైకి లేపబోయాడు. ముక్కు 50 డిగ్రీలు దాటింది, వేగం 78 నాట్లకు పడిపోయింది, విమానం స్టాలై, అంటే గాలిలో నిలిపే బలం కోల్పోయి, కూలింది. 271 మందిలో 264 మంది చనిపోయారు.

1991లోనే మాస్కోలో ఇంటర్‌ఫ్లూగ్ ఎ310 ఇలాగే చిక్కుకుని, పలుమార్లు స్టాలై, ఎలాగో బయటపడింది. కాలమ్ మీద 15 కిలోల బలం పడితే ఆటోపైలట్ తప్పుకునే మార్పును 1993 జూన్‌లో ఎయిర్‌బస్ సూచించింది. సిఫార్సు చేసింది, తప్పనిసరి చేయలేదు. నగోయాలో కూలిన విమానంలో ఆ మార్పు జరగలేదు. నాకు మింగుడుపడనిది ఇదే.

ఇదే ప్రశ్న బోయింగ్ దగ్గరా ఎదురైంది. బోయింగ్ 737లో కాలమ్‌ను ఎదురు లాగితే ట్రిమ్ మోటారును ఆపే స్విచ్ ఏళ్ల తరబడి ఉంది. 737 మాక్స్‌లో ముక్కును దించేందుకు తనంతట తానే ట్రిమ్ తిప్పే ఎంకాస్ వ్యవస్థను పెట్టినప్పుడు, ఆ స్విచ్ దాన్ని ఆపకుండా డిజైన్ చేశారు. 2018లో ఇండోనేషియాలో, 2019లో ఇథియోపియాలో కూలిన మాక్స్ విమానాల్లో పైలట్లు కాలమ్‌ను వెనక్కి లాగుతూనే ఉన్నారు.