మాజీ సైనికులు, గుర్రాలు: ఒక చికిత్స కథ

యుద్ధరంగం నుంచి తిరిగివచ్చిన సైనికుల్లో కొందరిని కంటికి కనిపించని గాయం ఒకటి ఏళ్ల తరబడి వెంటాడుతుంది. పీడకలలు, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడడం, జనం మధ్య గోడకు వీపు ఆనితే తప్ప స్థిమితం లేకపోవడం, అయినవాళ్లతో సైతం ముక్తసరిగా మాట్లాడి తప్పుకోవడం దాని లక్షణాలు. వియత్నాం యుద్ధం ముగిసిన కొన్నేళ్లకు, 1980లో, అమెరికా మనోవైద్యుల సంఘం తన రోగనిర్ధారణ గ్రంథం మూడవ కూర్పులో దీనిని ‘పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్’ అనే పేరుతో చేర్చింది. భయానక అనుభవం గడిచిపోయినా శరీరం దానిని గడిచిపోయినదిగా ఒప్పుకోని స్థితి ఇది.

దీనికి మంచి చికిత్సలు లేకపోలేదు. అయితే వాటిలో ప్రధానమైనవి బాధితుడు ఆ జ్ఞాపకాన్ని నిపుణుల సమక్షంలో పదేపదే నెమరువేసుకోవడం మీద ఆధారపడతాయి కనుక, ఆ బాధను ఓర్చుకోలేక మధ్యలోనే మానేసేవారు చాలామంది. మాటలతో పని మొదలుపెట్టలేని ఇలాంటివారికి గుర్రం ఎందుకు దగ్గరవుతుందో తెలియాలంటే ముందు ఆ జంతువు స్వభావం తెలియాలి.

గుర్రం వేటాడే జంతువు కాదు, వేటకు గురయ్యే జంతువు. తలకు ఇరుపక్కలా ఉన్న కళ్లతో అది తన చుట్టూ దాదాపు అంతటినీ చూడగలదు. ఒక్కో చెవిని విడివిడిగా తిప్పుతూ ఏ అలికిడి ఎటునుంచి వచ్చిందో కనిపెడుతుంది. ప్రమాదం తోచిన మరుక్షణం పరుగు తీస్తుంది. ఈ నిరంతర అప్రమత్తత యుద్ధం చూసివచ్చిన మనిషికి బాగా పరిచయమైనదే. తేడా అల్లా, ముప్పు లేదని తేలగానే గుర్రం తల దించి మళ్లీ గడ్డి మేస్తుంది, సైనికుడి శరీరం మాత్రం ఆ సడలింపును మరచిపోయింది. పైగా గుర్రం మనిషిని కూడా గమనిస్తూనే ఉంటుంది. కోపంగా ఉన్న మనిషి ముఖం ఫొటోను చూసినప్పుడు గుర్రాల గుండె వేగం త్వరగా పెరిగిందని ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో వెల్లడించారు. బిగుసుకున్న భుజాలతో, ఆపుకున్న ఊపిరితో దగ్గరికి వెళితే గుర్రం పక్కకు జరుగుతుంది. ఊపిరి నెమ్మదిస్తే నిలబడుతుంది. తన లోపలి స్థితి తనకే తెలియని మనిషికి ఇంత సూటిగా, ఇంత నిష్పక్షపాతంగా సమాధానం మరెక్కడా దొరకదు.

ఈ అనుభవాన్ని శాస్త్రీయంగా పరీక్షించిన ప్రయత్నాల్లో న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన యువాల్ నెరియా, ప్రూడెన్స్ ఫిషర్ నడిపిన ‘మ్యాన్ ఓ వార్’ ప్రాజెక్టు ముఖ్యమైనది. ఒకనాటి ప్రఖ్యాత పందెపు గుర్రం పేరు పెట్టుకున్న ఈ ప్రాజెక్టులో 63 మంది మాజీ సైనికులు చిన్న బృందాలుగా, వారానికొకసారి గంటన్నర చొప్పున 8 వారాలు పాల్గొన్నారు. స్వారీ ఇందులో లేదు. మానసిక వైద్య నిపుణులు, గుర్రాల నిపుణులు తోడుండగా గుర్రానికి మాలీషు చేయడం, పగ్గం పట్టి నడిపించడం, ఆ తరువాత పగ్గం లేకుండానే అది తన మాట వినేలా చేసుకోవడం మాత్రమే ఉంటాయి. సుమారు 500 కిలోల ప్రాణిని బలంతో లొంగదీయడం సాధ్యం కాదు కనుక, ఆజ్ఞాపించడానికి అలవాటుపడిన గొంతు ఇక్కడ అడగడం నేర్చుకుంటుంది. 2021లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం పాల్గొన్నవారిలో సగానికి పైగా గణనీయంగా కోలుకున్నారు. మూడు నెలల తరువాత కూడా ఆ మెరుగుదల నిలిచింది. మధ్యలో మానేసినవారు బహు కొద్దిమంది. అన్నిటికన్నా ఈ చివరి విషయమే ఎక్కువ ఆశ కలిగిస్తుంది, ఎందుకంటే రోగి తిరిగి రాని చోట ఏ వైద్యమూ పనిచేయదు.

అయినా ఇందులో చికిత్స పొందని మరో బృందంతో పోల్చి చూడలేదు కాబట్టి, మేలు గుర్రం వల్ల ఎంత, తోటి సైనికుల సాంగత్యం వల్ల ఎంత అన్నది విడదీసి చెప్పలేము. అది తేలేవరకు దీనిని మందులకూ ఇతర చికిత్సలకూ తోడుగా భావించడమే సబబు. గుర్రం పరికరం కాదన్న ఎరుక కూడా అవసరం. చెవులు వెనక్కి వాల్చినా, తోకను విసురుగా ఆడించినా అది ఇక చాలని చెబుతున్నట్టే. ఆ రోజుకు దానిని పచ్చికలోకి వదలడం నిర్వాహకుల బాధ్యత.