ఆశావాదమా? నిరీక్షణా? – సైబరాబాద్ ఉద్యోగ సంక్షోభాలు, తెలుగు క్రైస్తవ విశ్వాసం

వ్యాససంగ్రహం: కష్టకాలంలో ఆశను ఎంచుకోవడం క్రైస్తవ బోధలో తరచుగా వినిపించే మాట. తెలుగు బైబిలు ఈ భావానికి ‘నిరీక్షణ’ అనే పదాన్ని స్థిరపరచింది. హైదరాబాద్ ఐటీ కారిడార్‌లోని ఉద్యోగ సంక్షోభాల నేపథ్యంలో ఈ పదానికీ, నేటి వ్యవహారంలోని ‘ఆశావాదాని’కీ గల భేదాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: నిరీక్షణ, ఆశావాదం, తెలుగు క్రైస్తవం, యిర్మీయా, సాక్ష్యం, సైబరాబాద్

1. ఒక మాట, రెండు అర్థాలు

తెలుగులో ‘ఆశ’ అంత గౌరవప్రదమైన మాట కాదు. పేరాశ, దురాశ, అత్యాశ అన్నీ దాని సంతానమే. పిల్లల ఆటపాటల్లో సైతం ఆశపడినవాణ్ణి దోశ, అప్పడం జతచేసి ఎగతాళి చేస్తారు. ‘ఆశావాదం’ ఆధునిక కాలపు కూర్పు. మంచే జరుగుతుందన్న మనోవైఖరిని అది సూచిస్తుంది. బైబిలు అనువాదం మాత్రం ఈ సందర్భాల్లో ఎక్కువగా ‘నిరీక్షణ’ను వాడింది. సంస్కృతంలో ఇది ‘ఈక్ష’ ధాతువు నుండి వచ్చి చూడడమనే అర్థాన్నిస్తుంది. తెలుగు వ్యవహారంలో ఎదురుచూపుగా స్థిరపడింది. బస్సు కోసం నిరీక్షిస్తాము, ఫలితాల కోసం నిరీక్షిస్తాము.

అనువాదకుల ఉద్దేశం ఏదైనా, ఫలితం మూలానికి చాలా దగ్గరగా ఉంది. హీబ్రూలో ఆశను సూచించే ‘తిక్వా’ అనే నామవాచకం, ఎదురుచూడడమనే అర్థం గల ‘కవా’ ధాతువుతో ముడిపడినది. అదే ‘తిక్వా’ యెహోషువ గ్రంథం రెండవ అధ్యాయంలో రాహాబు కిటికీకి కట్టిన ఎర్రని తాడుకు కూడా పేరు. పౌలు రోమీయులకు వ్రాసిన పత్రిక ఎనిమిదవ అధ్యాయంలో, కంటికి కనబడేది నిరీక్షణ కాదని వాదిస్తాడు. అయిదవ అధ్యాయంలో శ్రమ నుండి ఓర్పుకు, ఓర్పు నుండి పరీక్షలో నిలిచిన గుణానికి, అక్కడి నుండి నిరీక్షణకు ఒక వరుస చెబుతాడు. అంటే నిరీక్షణ కష్టానికి ముందు వేసుకునే కవచం కాదు, కష్టం గుండా నడిచాక చేరే స్థితి. మార్టిన్ సెలిగ్‌మన్ వంటి మనస్తత్వవేత్తలు నేర్చుకోదగినదిగా వివరించిన ఆశావాదం, వ్యక్తి తన వైఫల్యాలను తనకు తాను ఎలా వివరించుకుంటాడన్న దానిపై ఆధారపడుతుంది. అది ఉపయోగకరమైనదే. అయితే నిరీక్షణకు ఆధారం వ్యక్తి మనోవైఖరి కాదు, మాట ఇచ్చినవాని విశ్వసనీయత.

2. ఎదురుచూపు ఉద్యోగంలో భాగమైన చోటు

1998 నవంబరులో అటల్ బిహారీ వాజపేయి ప్రారంభించిన సైబర్ టవర్స్‌తో మాదాపూర్ స్వరూపం మారింది. ఆ తర్వాత ఈ కారిడార్ ఎదుగుదలతోపాటు కుదుపులనూ చూసింది: 2001 నాటి డాట్‌కామ్ పతనం, 2008 మాంద్యం, 2020 కోవిడ్, 2022 చివరి నుండి ప్రపంచవ్యాప్తంగా సాగిన లేఆఫ్‌లు. వీటిలో హైదరాబాద్‌కు అత్యంత సన్నిహితమైన దెబ్బ 2009 జనవరి 7న తగిలింది. ఖాతాల్లో అంకెలు పెంచి చూపినట్లు సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు లేఖ ద్వారా అంగీకరించిన రోజు అది. సుమారు 50 వేల మంది ఉద్యోగుల భవిష్యత్తు ఒక్క ఉదయంలో ప్రశ్నార్థకమైంది. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా ఆ సంస్థను చేజిక్కించుకున్నాక, వేలాదిమందిని పని లేకుండా తగ్గించిన జీతంపై కొన్ని నెలలపాటు ‘వర్చువల్ పూల్’లో ఉంచారు.

ఈ రంగంలో ప్రాజెక్టు లేని ఉద్యోగి ‘బెంచ్ మీద’ ఉంటాడు. ఎదురుచూపుకు ఇంత కచ్చితమైన పారిభాషిక పదం మరే రంగంలోనైనా ఉందా అన్నది సందేహమే. బెంచ్ మీద ఉన్నవారి కాలం ఇంటి రుణం వాయిదాలతో, వీసా గడువులతో, అమీర్‌పేట కోచింగ్ కేంద్రాల్లో కొత్త కోర్సులతో గడుస్తుంది. తెలుగు క్రైస్తవుల్లో అధికసంఖ్యాకులు దళిత నేపథ్యం నుండి వచ్చినవారు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం స్వీకరించినవారికి షెడ్యూల్డ్ కులాల హోదా లేదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వారిని బీసీ–సి వర్గంగా గుర్తించి ఒక శాతం రిజర్వేషన్ ఇస్తున్నారు. ప్రైవేటు రంగంలో అదీ వర్తించదు. కుటుంబంలో మొదటి తరం ఇంజనీరుకు పింక్ స్లిప్ అందినప్పుడు ఆనుకోవడానికి భూమి గాని, వ్యాపారం గాని ఉండే అవకాశం తక్కువ. ‘ధైర్యంగా ఉండు’ అన్న సలహా బరువు ఇటువంటి ఇంట్లో వేరుగా ఉంటుంది.

3. డెబ్బై ఏళ్ల వాగ్దానం

డిసెంబరు 31 అర్ధరాత్రి ఆరాధనలో ‘వాగ్దాన వాక్యం’ స్వీకరించడం తెలుగు సంఘాల్లో బలమైన ఆనవాయితీ. కార్డుపై ముద్రించిన ఆ వచనం ఏడాది పొడవునా పర్సులోనో, కంప్యూటర్ పక్కనో ఉంటుంది. ఈ కార్డులకు ఎంతో ప్రీతిపాత్రమైన వచనాల్లో యిర్మీయా 29:11 ఒకటి: దేవుని ఉద్దేశాలు హానికరమైనవి కావని, రాబోవు కాలంలో నిరీక్షణ కలుగుతుందని దాని భావం.

కార్డుపై దాని పై వచనం ఉండదు. బబులోనులో 70 సంవత్సరాలు గడవాలని పదవ వచనం చెబుతుంది. అంటే ఆ లేఖ చదువుతున్న పెద్దల్లో అత్యధికులు తిరుగు ప్రయాణాన్ని చూడరు. దీనికి ముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త రెండేళ్లలో అంతా చక్కబడుతుందని ప్రకటించాడు. నేటి పరిభాషలో అతడు పక్కా ఆశావాది. యిర్మీయా అతణ్ణి అబద్ధ ప్రవక్తగా తోసిపుచ్చాడు. చెరలో ఉన్నవారికి యిర్మీయా చెప్పింది వేరు: ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, మిమ్మల్ని చెరపట్టిన పట్టణపు క్షేమాన్నే కోరండి, దాని కోసం ప్రార్థించండి.

ముప్పై రెండవ అధ్యాయం ఇంకా విచిత్రమైనది. శత్రుసైన్యం యెరూషలేమును ముట్టడించి ఉండగా, తాను ఖైదులో ఉండి, యిర్మీయా అనాతోతులో 17 తులాల వెండికి పొలం కొంటాడు. క్రయపత్రాలను చాలాకాలం చెడకుండా మంటికుండలో భద్రపరచమని బారూకుకు అప్పగిస్తాడు. స్థిరాస్తి ధరలపై హైదరాబాదీలకున్న జ్ఞానంతో చూస్తే ఇంతకంటే నష్టపు బేరం ఉండదు. ఆశను ‘ఎంచుకోవడం’ అనే మాటకు బైబిలులో ఉదాహరణ వెదికితే నా దృష్టిలో ఇదే సరైనది. ఇక్కడ ఎంపిక ఒక భావోద్వేగం కాదు, సాక్షుల ఎదుట చేసిన లావాదేవీ.

దీనికి వ్యతిరేక దిశలో సాగే బోధ కూడా కారిడార్ పరిసరాల్లో వినిపిస్తుంది: విశ్వాసం గట్టిదైతే ఆఫర్ లెటర్ వస్తుంది, రాలేదంటే లోపం విశ్వాసంలోనే ఉంది. యోబు స్నేహితుడు ఎలీఫజు వాదమూ ఇటువంటిదే. నిరపరాధి ఎవడైనా నశించాడా అని అతని ప్రశ్న. గ్రంథం చివర దేవుడు తప్పుపట్టింది ఈ స్నేహితులనే, మొరపెట్టిన యోబును కాదు. విలాపవాక్యముల గ్రంథంలో నిరీక్షణ మాట మూడవ అధ్యాయంలో, ఏడుపు నడుమ వస్తుంది. ఆ తర్వాత కూడా ఏడుపు ఆగదు. ఏడవడానికి చోటివ్వని ఆశావాదం బైబిలు పాఠానికి పరాయిది.

4. కరవు నాటి పాఠం

తెలుగు సంఘ చరిత్రలో ఈ ప్రశ్న కొత్తది కాదు. 1876–78 ధాత కరవులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో ఒక భాగాన్ని కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవారికి పని కల్పించాడు. ఆ కాలంలో బాప్తిస్మాలు నిలిపివేశాడు. అన్నం కోసం మతం మారేవారు ఉంటారన్నది అతని శంక. సహాయక పనులు ముగిశాక 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది గుండ్లకమ్మ నదిలో బాప్తిస్మం పొందారు. వారిలో అధికులు మాదిగలు. మెదక్‌లో చార్లెస్ పోస్నెట్ ఆధ్వర్యంలో 1914లో మొదలై 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరుపుకున్న దేవాలయ నిర్మాణం కూడా కరవు కాలంలో కూలీలకు తిండి పెట్టిన పనిగా ప్రజల జ్ఞాపకంలో నిలిచింది. ఈ రెండు సందర్భాల్లోనూ నిరీక్షణ అంటే పలుగూ పారా. దానితో పోల్చితే ప్రేరణ ప్రసంగం చౌక.

5. సాక్ష్యం: ఎవరు మాట్లాడుతున్నారు?

సంఘంలో ఆశ ప్రసారమయ్యే ప్రధాన రూపం ‘సాక్ష్యం’. ఇది మౌఖిక ప్రక్రియ. దీనికి స్థిరమైన నిర్మాణముంది: ఉద్యోగం పోవడం, అవమానం, ఉపవాస ప్రార్థన, అనుకోని ఫోన్, మునుపటికంటే మంచి జీతం, కృతజ్ఞతార్పణ. కథన శాస్త్ర దృష్టితో దీనిని జానపద కథల పక్కన పెట్టి చదవవచ్చు. అయితే మైకు ముందుకు వచ్చేది ఎదురుచూపు ముగిసినవారే. ఇంకా బెంచ్ మీద ఉన్నవారికి, కారిడార్ వదిలి సొంత ఊరికి వెళ్లిపోయినవారికి ఈ ప్రక్రియలో పాత్ర లేదు. నిరీక్షణ అన్న పదానికి నిజమైన ఉదాహరణలు వారే గనుక, సంఘం వినిపించే సాక్ష్యాలు దాని సొంత పదానికి సగం అర్థమే ఇస్తున్నాయి. మియాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ప్రాంతాల కుటీర ప్రార్థనల్లో ముగింపు లేని ఈ కథనాలు తక్కువ స్వరంతో, ప్రార్థన అంశాలుగా వినిపిస్తాయి. వాటిని చెప్పేవారి అనుమతితో, పేర్లు తొలగించి సేకరిస్తే, ముగిసిన సాక్ష్యాలతో వాటిని పోల్చి చూసే వీలు కలుగుతుంది.