ఏడాది పాతదే.. పుట్టుక కొత్తది!

అసలుకూ నకిలీకీ నడుమ ‘రీస్ట్రైక్’ నాణెం
సర్కారు జిల్లాల రాగి బిళ్ల నుంచి జార్జి కాసు దాకా ఇదే పేచీ

ఎలక్ట్రానిక్ సిటీ (బెంగళూరు): నాణెం మీద 1835 అని ఉంది. బొమ్మ చెక్కు చెదరలేదు. అద్దంలా మెరుస్తోంది. వెండి కూడా మంచిదే. అమ్మేవాడు వేలల్లో ధర చెబుతున్నాడు. ఇంతకీ అది 1835లో పుట్టిందేనా? చాలామంది బోల్తా పడేది ఇక్కడే. అది నకిలీ కాకపోవచ్చు.. అలాగని అసలుదీ కాకపోవచ్చు. ఈ రెంటి మధ్య ఇంకో రకం ఉంది. దాని పేరే ‘రీస్ట్రైక్’. మన మాటల్లో చెప్పాలంటే ‘మళ్లీ కొట్టిన నాణెం’.

కోనప్పన అగ్రహారం, దొడ్డతోగూరు గ్రామాల భూముల్లో 1978లో మొదలైన ఎలక్ట్రానిక్ సిటీ ఇవాళ ఎందరో తెలుగువాళ్లకు కొలువిచ్చిన చోటు. ఇక్కడి పీజీ గదిలో కూర్చున్నా పాత నాణేల బేరం ఫోన్‌లోనే తెమిలిపోతోంది. నాణెం చేతికి రాకముందే డబ్బు చేయి దాటిపోతుంది. ఫొటోలో స్పష్టంగా కనిపించేది సంవత్సరమే. రీస్ట్రైక్ విషయంలో గుడ్డిగా నమ్మకూడనిదీ దాన్నే.

ఏది రీస్ట్రైక్?

నాణేనికి రెండు ఉక్కు అచ్చులు కావాలి. ఒకటి బొమ్మకు, ఒకటి బొరుసుకు. మధ్యలో లోహపు బిళ్ల పెట్టి బలంగా కొడితే నాణెం తయారు. పని అయిపోయాక అచ్చులను పాడుచేస్తారు, లేదంటే భద్రంగా దాస్తారు. అలా దాచిన అచ్చును ఏళ్లు గడిచాక బయటికి తీసి, పాత సంవత్సరంతోనే మళ్లీ కొడితే అది రీస్ట్రైక్. అచ్చు అసలుదే, కాలమే అసలుది కాదు.

బయటివాళ్లు అచ్చును కొత్తగా చెక్కి కొడితే అది నకలు. దాన్ని అసలుదని అంటగడితే మోసం. పాత నాణెం మీదే మరో నాణెం అచ్చు గుద్దితే ‘ఓవర్‌స్ట్రైక్’ అంటారు, అది వేరే సంగతి. మరి అదే టంకశాల తన పాత మూల అచ్చు నుంచి కొత్త అచ్చు తీసి కొడితే? చాలామంది సేకర్తలు దీన్నీ రీస్ట్రైక్ లెక్కలోనే వేస్తారు. కొందరు ఒప్పుకోరు. పేచీ అంతా ఇక్కడే.

మన సర్కారు జిల్లాల నాణెం

ఈ తిరకాసు తెలుగు నేలకూ కొత్తది కాదు. ఉత్తర సర్కారుల్లో, అంటే ఇప్పటి కోస్తా జిల్లాల్లో చలామణీ కోసం ఈస్టిండియా కంపెనీ 1794లో రాగి నాణేలు కొట్టించింది. వాటిని కొట్టింది మద్రాసులో కాదు.. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో. మాథ్యూ బౌల్టన్ నడిపిన సోహో టంకశాలలో, ఆవిరి యంత్రాల మీద. ‘రూపాయికి 48’, ‘రూపాయికి 96’ అని వాటి విలువను ఇంగ్లిష్‌లో వేశారు. 1797లోనూ ఇలాంటివే వచ్చాయి.

బౌల్టన్ 1809లో కన్నుమూశాడు. 1850లో సోహో టంకశాల సామగ్రి వేలానికి వచ్చింది. లండన్‌లో అచ్చులు చెక్కే డబ్ల్యూ.జె. టేలర్ చేతికి పాత అచ్చులు చాలానే చిక్కాయి. వాటితో ఆయన సేకర్తల కోసం మళ్లీ నాణేలు కొట్టాడు. ‘టేలర్ రీస్ట్రైక్‌లు’ అని వాటికి పేరే స్థిరపడిపోయింది. అందుకే నిగనిగలాడే సోహో నాణెం ఏది కనిపించినా తెలిసినవాళ్ల మొదటి ప్రశ్న ఒక్కటే.. కొట్టింది బౌల్టనా, టేలరా?

దీనికి పూర్తిగా తలకిందుల కథ ఇంకోటి ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీ కోసం 1808లో సోహోలోనే కొట్టిన పది కాసులు, ఇరవై కాసుల నాణేలను మోసుకొస్తూ ‘అడ్మిరల్ గార్డనర్’ ఓడ 1809 జనవరిలో ఇంగ్లండ్ తీరంలోనే మునిగింది. 1980లలో లక్షల నాణేలు బయటపడ్డాయి. ఉప్పునీళ్లలో రంగు మారినా, గరుకుదేలినా అవి నూటికి నూరుపాళ్లు అసలువే. మెరుపు వేరు, అసలు వేరు!

పాత తేదీ ఉన్నంత మాత్రాన..

అలాగని తేదీకీ తయారీకీ పొంతన లేని ప్రతి నాణెమూ రీస్ట్రైక్ కాదు. విక్టోరియా రాణి బొమ్మతో 1862 అని ఉన్న రూపాయినే తీసుకోండి. సంవత్సరం మార్చకుండా 1874 దాకా అదే తేదీతో కొట్టారు. బొంబాయి టంకశాల మాత్రం చిన్న చిన్న చుక్కలతో అసలు ఏడాదిని గుర్తుపెట్టుకుంది. ఇవి జనం వాడకానికి ఆగకుండా కొట్టిన నాణేలు కాబట్టి అసలువే. వీటిని ‘తేదీ మారని నాణేలు’ అనాలి.

ఇదే బొంబాయి, కలకత్తా టంకశాలలు సేకర్తలు అడిగితే పాత అచ్చులతో మెరుగుపెట్టిన నాణేలు కొట్టి ఇచ్చేవి. అవి చలామణీకి కాదు, అల్మారాకి. అవే అచ్చమైన రీస్ట్రైక్‌లు. బొంబాయిలో ఈ పని 1970 దాకా సాగింది. 1835 నాటి నాలుగో విలియం రాజు నాణేల్లోనూ ఇలాంటివి ఉన్నాయి. కొట్టింది సర్కారు టంకశాలే కాబట్టి దొంగ నాణేలు కావు. కానీ అసలు ధర పెట్టి కొంటే మాత్రం నష్టమే.

కాసులపేరులోనూ..

తెలుగిళ్లలో కాసు బంగారం అంటే ఎనిమిది గ్రాములు. దాదాపు అంతే తూగే సవరన్లలో అయిదో జార్జి బొమ్మతో 1925 తేదీ ఉన్న లండన్ నాణేలు కొన్ని నిజానికి 1949, 1951, 1952ల్లో కొట్టినవి. అప్పటికి ఆ రాజు పోయి పదేళ్లు దాటింది. అయినా బంగారం అదే, బరువూ అదే. కరిగిస్తే తేడా రాదు. పాతదనానికి అదనంగా డబ్బు అడిగితేనే ఆలోచించాలి.

రీస్ట్రైక్‌లలో ప్రపంచ ప్రసిద్ధి మాత్రం ఆస్ట్రియా మహారాణి మరియా థెరిసా వెండి నాణేనిది. ఆమె పోయిన 1780 సంవత్సరం తేదీతోనే కోట్లలో కొట్టారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మన బొంబాయి టంకశాల కూడా కొట్టింది. విచిత్రమేమిటంటే ఇది అల్మారాలో కూర్చోలేదు. ఎర్ర సముద్రం చుట్టుపక్కల సంతల్లో డబ్బుగానే తిరిగింది.

కొనే ముందు ఇవి చూడండి

* దాచిన అచ్చుకు తుప్పు పడితే గుంటలు పడతాయి. ఆ గుంటలు నాణెం మీద చిన్న పొక్కుల్లా పైకి తేలతాయి. భూతద్దంతో చూస్తే కనిపిస్తాయి.

* కంపెనీ, విక్టోరియా రూపాయిల బరువు 11.66 గ్రాములు. బాగా తేడా ఉంటే వద్దనుకోవడమే మంచిది. బరువు సరిపోయినంత మాత్రాన అసలుదని కాదు.

* అంచు గీతలను, అక్షరాల వాడిని నిజమని తేలిన నాణెం ఫొటోతో పోల్చుకోవాలి.

* రామ దర్బారు, హనుమంతుడి బొమ్మలతో 1818 ‘ఈస్టిండియా కంపెనీ’ నాణేలు రీస్ట్రైక్‌లు కావు. కంపెనీ అలాంటివి కొట్టనే లేదు. అసలే లేనప్పుడు ‘మళ్లీ’ ఎక్కడిది?

* పాత నాణేలు కొంటామంటూ రిజర్వు బ్యాంకు పేరుతో రుసుములు అడిగితే నమ్మొద్దు. ఆ వ్యాపారంతో తనకు సంబంధం లేదని బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటించింది.

* నిజంగా వందేళ్లు దాటిన నాణేలను విదేశాల్లో ఉన్న బంధువులకు పంపకూడదు. 1972 నాటి పురావస్తువుల చట్టం ఒప్పుకోదు.

రీస్ట్రైక్ కొనడం తప్పేమీ కాదు. కొన్ని రీస్ట్రైక్‌లకు అరుదైనవిగా మంచి ధరే పలుకుతుంది. ఎప్పుడు కొట్టారో చెప్పి అమ్మితే అది వ్యాపారం. చెప్పకుండా అమ్మితేనే మోసం. కాబట్టి రసీదు మీద నాణెం పేరు, సంవత్సరంతో పాటు అది అసలుదా, రీస్ట్రైకా అన్న మాట కూడా రాయించుకోండి. రాయనంటే.. బేరం అక్కడితో ఆపేయండి.