జాబితాలో లేని ఇల్లు

కష్టకాలములో ప్రభుత్వము సహాయము ప్రకటిస్తే మనము మొదట అడిగే ప్రశ్న, "ఎంత ఇస్తారు?" అని. అంతకంటే ముందు అడగవలసినది మరొకటి ఉంది: "ఏ జాబితా చూసి ఇస్తారు?" కరోనా కాలములో హాంకాంగ్‌లో జరిగిన సంగతులు చూస్తే ఈ ప్రశ్న ఎంత ముఖ్యమో మనకు బోధపడుతుంది.

హాంకాంగ్ జనాభా సుమారు 75 లక్షలు. వారిలో 20 లక్షలకు పైగా ప్రభుత్వ అద్దె ఇళ్లలో నివసిస్తారు. ఈ ఇళ్ల వెనుక ఒక పెద్ద విషాదము ఉంది. 1953 డిసెంబరు 25, క్రిస్మస్ రాత్రి, షెక్ కిప్ మే అనే గుడిసెల పేట తగులబడింది. 50,000 మందికి పైగా నిలువ నీడ లేనివారయ్యారు. వారికోసము ప్రభుత్వము కట్టించిన ఇళ్లతోనే ఈ గృహవసతికి పునాది పడింది. ఆనాడు ఐదుగురున్న కుటుంబానికి దొరికినది 120 చదరపు అడుగుల గది మాత్రమే.

ఇక 2020కి వద్దాము. పనులు ఆగిపోయాయి, బడులు మూతపడ్డాయి. ఫిబ్రవరి 26న ఆర్థిక కార్యదర్శి పాల్ చాన్ బడ్జెట్ ప్రవేశపెట్టారు. 18 ఏళ్లు నిండిన ప్రతి శాశ్వత నివాసికి 10,000 హాంకాంగ్ డాలర్లు, అంటే అప్పటి లెక్కలో దాదాపు 90 వేల రూపాయలు ఇస్తామన్నారు. ప్రభుత్వ ఇళ్లలో ఉన్న తక్కువ ఆదాయము గలవారి ఒక నెల అద్దెను ప్రభుత్వమే కడుతుందన్నారు. కిండర్‌గార్టెన్ మొదలు ఉన్నత పాఠశాల వరకు ప్రతి విద్యార్థికి ఇచ్చే 2,500 డాలర్లకు మరో 1,000 కలిపారు. దీనికి తల్లిదండ్రుల ఆదాయముతో నిమిత్తము లేదు.

ఇవి చిన్న సహాయములు కావు. ఇంటి యజమాని రోజుకూలి పోగొట్టుకున్న నెలలో అద్దె బెంగ తప్పడము ఎంత ఊరటో మనకు వేరే చెప్పనక్కరలేదు.

అయితే ఆ నగరములోనే మరొక రకము ఇళ్లున్నాయి. ఒక ఇంటిని చెక్క పలకలతో ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్కను ఒక్కొక్క కుటుంబానికి అద్దెకిస్తారు. రెండు లక్షలకు పైగా ప్రజలు అటువంటి గదులలో ఉంటున్నారు. వారిలో చాలామంది ప్రభుత్వ ఇంటికి దరఖాస్తు పెట్టి ఎదురుచూస్తున్నవారే. ఆనాటికి సగటున ఐదేళ్లకు పైగా వేచి ఉండవలసి వచ్చేది. ఇరుకు గదికి ఎక్కువ అద్దె కట్టే వీరికి అద్దె మాఫీ వర్తించలేదు. ఆ సహాయము ఇంటిని చూసి ఇచ్చినది, వీరు ఆ ఇంటికి ఇంకా చేరలేదు. కొత్తగా వలస వచ్చి, శాశ్వత నివాస హక్కు పొందనివారికి మొదట ప్రకటించిన 10,000 డాలర్లు కూడా అందలేదు.

ఆ గదులలోని పిల్లల సంగతి చూడండి. విద్యార్థి సహాయము బిడ్డను చూసి ఇచ్చినది గనుక వారికీ అందింది. కాని పాఠములు కంప్యూటరు మీదికి వెళ్లాయి. మంచమే బల్లగా ఉన్న చోట, ఇంటర్నెట్ సరిగా రాని చోట, ఆ బిడ్డ ఎలా చదవగలడు?

మొదటి జాబితాతోనే ప్రభుత్వము ఆగిపోలేదు, అది మనము మెచ్చుకోవలసిన విషయము. ప్రభుత్వ ఇల్లు గాని, భృతి గాని లేని పేద కుటుంబములకు 2020లోనే కమ్యూనిటీ కేర్ ఫండ్ నుండి ప్రత్యేక సహాయము ఇచ్చారు. పేదలైన కొత్త వలసదారులకు కూడా అదే నిధి నుండి 10,000 డాలర్లు అందాయి. మూడేళ్లకు పైగా ఇంటికోసము వేచి ఉన్న కుటుంబములకు నెలనెలా నగదు ఇచ్చే పథకము 2021లో మొదలైంది. పేద విద్యార్థుల కంప్యూటర్లకు, ఇంటర్నెట్ పరికరములకు 200 కోట్ల డాలర్లు కేటాయించారు.

ఇందులో మనము నేర్చుకోవలసినది ఉంది. రేషను కార్డు ఉన్న ఇంటికీ లేని ఇంటికీ తేడా ఏమిటో పల్లెల్లో ఉన్న మనకు తెలియనిది కాదు. జాబితా లేకుండా సహాయము చేయలేము. ఒక్క జాబితాతో సహాయము పూర్తి కాదు. ఇంటిని చూసి ఇస్తే ఇల్లు లేనివాడు మిగిలిపోతాడు. పౌరసత్వము చూసి ఇస్తే నిన్న వచ్చినవాడు మిగిలిపోతాడు. అందుచేత జాబితా చదవడము ముగిసిన తరువాత, అందులో పేరు వినబడని ఇల్లు మన వీధిలో ఏదైనా ఉన్నదా అని మనమే వెదకాలి.