కంచెకు బలం మిషన్‌లో కాదు, తీగలో

మహదేవపూర్, కాటారం మండలాల్లో అడవి అంచున మక్క వేసిన రైతుకు కంకి పాలు పోసుకునే రోజుల్లో నిద్ర ఉండదు. పందుల మంద ఒక్క రాత్రి దిగితే చాలు, తెల్లారేసరికి చేను నేలమట్టం. ఆ కడుపుమంటతోనే కొందరు మోటారు స్టార్టర్ డబ్బా నుంచి నేరుగా తీగ లాగుతారు. 2024 ఫిబ్రవరిలో కాటారం మండలం నస్తూర్‌పల్లి అడవిలో జంతువుల కోసం అమర్చిన ఇలాంటి కరెంటు తీగకే ఒక గ్రేహౌండ్స్ కమాండో బలయ్యారు. అలా తీగ లాగడం నేరమని తెలియనివాళ్లు లేరు. అయినా ఆగకపోవడానికి ఊళ్లలో వినిపించే కారణం ఒకటుంది: ‘సోలార్ కంచె పెట్టి చూశాం, పందులు లెక్కచేయలేదు.’ ఆ మాట అబద్ధమేమీ కాదు. కానీ చాలాచోట్ల తప్పు మిషన్‌ది కాదు, తీగది, దాన్ని కట్టిన తీరుది.

స్తంభం మీది 230 వోల్టుల కరెంటు ఆగకుండా పారుతుంది. కండరాలు బిగుసుకుపోయి, పట్టుకున్న చెయ్యి వదలదు; ప్రాణం పోయేది అక్కడే. సోలార్ కంచెకు పెట్టే ఝట్కా మిషన్ ఐదారు వేల వోల్టులు పంపుతుంది గాని, అది సెకనుకు ఒక్కసారి, అదీ సెకనులో వెయ్యో వంతుకన్నా తక్కువసేపు. తాకిన పశువు అదిరిపడి వెనక్కి తగ్గడానికి రెండు దెబ్బల మధ్య ఎడం దొరుకుతుంది. ‘అంత చిన్న దెబ్బకు ఏ తీగైతేనేం?’ అని అడగవచ్చు. చిన్న దెబ్బ కాబట్టే తీగ ముఖ్యం. నాలుగెకరాల చేను చుట్టుకొలత దాదాపు అర కిలోమీటరు. రెండున్నర మిల్లీమీటర్ల జీఐ (జింకు పూత ఇనుప) తీగ అంత పొడవుకు చూపే నిరోధం పదిహేను, ఇరవై ఓమ్‌లు. సన్నటి స్టీలు పోగులు మూడు కలిపి అల్లిన ప్లాస్టిక్ తాడైతే అది మూడు వేల ఓమ్‌లు దాటుతుంది. జంతువు ఒంటి నిరోధాన్ని లెక్కల్లో 500 ఓమ్‌లుగా తీసుకుంటారు. అంటే ఆ తాడు చివరకు వచ్చేసరికి దెబ్బలో ఎక్కువ భాగం దారిలోనే ఖర్చయిపోతుంది. తాడు పనికిరాదని కాదు. మేకలకు కొద్దిరోజుల దడి కట్టి విప్పేయడానికి అదే తేలిక. ఏళ్ల తరబడి ఉండే కంచెకు మాత్రం మందపాటి జీఐ తీగే వేయాలి. ముళ్లతీగకు కరెంటు అసలే పెట్టకూడదు, చిక్కుకున్న జీవి విడిపించుకోలేదు.

మంచి తీగ కొన్నవాళ్లు కూడా పొరపాటు చేసేది కట్టు దగ్గర. ఇంట్లో మిగిలిన రాగి తీగ ముక్కను జీఐ తీగకు చుట్టేస్తారు. రాగి మంచి వాహకమే, కానీ తేమ తగిలితే ఆ రెంటి మధ్య రసాయన చర్య మొదలై జీఐ మీది జింకు పూత కరిగిపోతుంది, కింద ఇనుము తుప్పు పడుతుంది. మెలివేసి వదిలేసిన ముడి గాలికి ఊగి వదులవుతుంది. రాత్రి దగ్గరికెళ్తే టక్ టక్‌మని చప్పుడు, నీలిరంగు మెరుపు కనిపిస్తాయి. పందికి తగలాల్సిన దెబ్బ ముడిలోనే పేలుతోందన్నమాట. జీఐ తీగకు జీఐ బోల్టు క్లాంపే బిగించాలి. గేటు కింద మామూలు ఇంటి వైరు పాతడం మరో పొరపాటు: దాని తొడుగు 1,100 వోల్టులకు చేసినది, ఇక్కడ పారేది అంతకు నాలుగైదు రెట్లు. కంచె కోసమే చేసిన కేబుల్‌ను పైపులో వేసి పాతాలి.

ఇన్ని కొనాలంటే ఖర్చు కాదా అంటే, అవుతుంది. అయితే పెద్ద మిషన్ కోసం పెట్టే డబ్బులో కొంత తగ్గించుకున్నా తీగకూ క్లాంపులకూ సరిపెట్టుకోవచ్చు. కరెంటు తిరిగి వచ్చే దారి నేలే కాబట్టి ఎర్త్ కూడా తీగతో సమానం. రెండు మీటర్ల జీఐ కడ్డీలు మూడు, మూడేసి మీటర్ల ఎడంతో దింపాలి, మోటారు ఎర్త్‌కు కలపకూడదు. ఎండాకాలం ఎర్రనేల ఎండి మొరాయిస్తే, ఒక తీగకు కరెంటు, పక్క తీగకు ఎర్త్ ఇస్తే దూరబోయిన పందికి రెండూ తగులుతాయి. ఇక కంచె పనిచేస్తోందా లేదా అన్నది మిషన్ మీద వెలిగే దీపం చెప్పదు. మిషన్‌కు అన్నిటికన్నా దూరంగా ఉన్న కంచె స్తంభం దగ్గర టెస్టర్ పెట్టి చూడాలి. అక్కడ నాలుగు వేల వోల్టులు రాకపోతే కంచెను ముక్కలు ముక్కలుగా విప్పుతూ వెనక్కి రావాలి. ఎక్కడ అంకె ఒక్కసారిగా పెరిగిందో, అప్పుడు విప్పిన ముక్కలోనే గడ్డి తాకుతోందో, ఇన్సులేటర్ పగిలిందో దొరుకుతుంది.