వీధియే వేగమును తగ్గించవలెను

పాఠశాల ముందు "నెమ్మదిగా పోవుడు" అని పలక నాటినంత మాత్రమున వాహనములు నెమ్మదించవు. వీధి వెడల్పుగా, తిన్నగా, నునుపుగా ఉన్నచో, నడుపువానికి తెలియకుండగనే వేగము పెరుగును. పలక ఒకటి చెప్పును, వీధి మరియొకటి చెప్పును. నడుపువాడు వీధి మాటనే వినును. కనుక వీధి రూపమునే మార్చి వేగమును అదుపులో ఉంచు పద్ధతులు ఏర్పడినవి.

వేగము కొంత తగ్గినందువలన కలుగు మేలెంత? ఒక బాలుడు హఠాత్తుగా వీధికి అడ్డము వచ్చెననుకొందము. నడుపువాడు చూచి బ్రేకు వేయుటకు 1 సెకండు పట్టును. బ్రేకు పడిన పిదప వేగము ప్రతి సెకండునకు, సెకండుకు 7 మీటర్ల చొప్పున తగ్గుననుకొందము. గంటకు 30 కిలోమీటర్ల వేగముతో వచ్చు కారు ఆ సెకండులో 8.3 మీటర్లు, పిదప 5 మీటర్లు, మొత్తము 13.3 మీటర్లు పోయి ఆగును. 50 కిలోమీటర్ల వేగముతో వచ్చు కారు ఆ మొదటి సెకండులోనే 13.9 మీటర్లు పోవును. అనగా మొదటి కారు ఆగిన చోట రెండవదానికి ఇంకను బ్రేకే పడలేదు! పైగా గతిశక్తి వేగవర్గమును అనుసరించి పెరుగును గనుక, దాని తాకిడిలోని శక్తి 30 కిలోమీటర్ల వేగమున ఉండుదానికి సుమారు 2.8 రెట్లు.

వేగమును తగ్గించు సాధనములలో అందరెరిగినది స్పీడ్ బ్రేకరు. అయితే ఎత్తుగా తారు కుప్ప పోసినంతనే అది స్పీడ్ బ్రేకరు కాదు. అట్టి దిమ్మె ద్విచక్రవాహనములను పడద్రోయును. 1988లో భారత రోడ్డు కాంగ్రెసు సూచించిన కొలతలు ఇవి: వాహనము పోవు దిశలో పొడవు 3.7 మీటర్లు, నడుమ ఎత్తు 10 సెంటీమీటర్లు, పైభాగము 17 మీటర్ల వ్యాసార్ధముగల వృత్తఖండము. ఈ మూడు కొలతలు ఒకదానికొకటి సరిపోవునని విద్యార్థులు జ్యామితితో నిరూపించవచ్చును. దీనిపై గంటకు 25 కిలోమీటర్ల వేగముతో సుఖముగా పోవచ్చును. అంతకు మించినచో కుదుపు హెచ్చరించును.

నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ నగరము మరియొక మార్గము చూపినది. అచట కొన్ని నివాసవీధులలో కాలిబాటకును బండ్లబాటకును గల ఎత్తు భేదమును తీసివేసి, చెట్లు, బల్లలు అమర్చి, బాటను వంపులు త్రిప్పిరి. దూరము కనబడని నడుపువాడు తానై నెమ్మదించెను. ఇట్టి వీధులకు 'వూనెర్ఫ్', అనగా నివాసప్రాంగణము, అని పేరు. 1976లో ఆ దేశ చట్టము వీనిని గుర్తించి, వాహనములు మనిషి నడక వేగముతోనే పోవలెనని విధించినది.

ఏ సాధనమునైనను అమర్చుటకు ముందు వాహనముల సంఖ్యను, వేగమును, ప్రమాదములు జరుగు తావులను పరిశీలించవలెను. ఒక్క వీధిని మాత్రమే మార్చినచో రద్దీ ప్రక్కవీధిలోనికి మరలును. కావున పేటనంతటిని కలిపి యోచించవలెను. అంబులెన్సుల దారిని, వాననీరు పారు మార్గమును మరువరాదు. రాత్రివేళ కనబడునట్లు దిమ్మెలపై చారలు వేయవలెను. హెచ్చరిక పలక కూడ అవసరమే; కాని పలక చెప్పు మాటను వీధి కూడ చెప్పినప్పుడే బాలుడు క్షేమముగా బడికి చేరును.