కోడలి చాకిరికి ప్రజల పూచీ

1972లో జపానునందు అరియోషి సావాకో అను రచయిత్రి ‘కోకోత్సు నో హితో’ అను నవలను ప్రకటింపగా, అది లక్షల ప్రతులు అమ్ముడుపోయినది. పగలు కార్యాలయమున పనిచేసి వచ్చి, మతి చలించిన మామగారికి రాత్రులు పరిచర్య చేయు ఒక కోడలి కథ అది. ఆ దేశము ఆ పుస్తకమునకై ఎగబడుటకు వేరు కారణము వెదకనక్కరలేదు: అట్టి కోడలు లేని వీధి ఆనాడు అరుదు, ఆమె శ్రమకు వేళగాని, వేతనముగాని, విశ్రాంతిగాని విధించిన శాసనము మాత్రము లేకుండెను.

ప్రభుత్వము మొదట పట్టిన త్రోవ ఔదార్యముతో కూడినదే. 1973లో 70 యేండ్లు దాటినవారికి వైద్యము ఉచితము చేసిరి. కాని మందుతో కుదురునది రోగము. ఒకరి చేయూత లేనిదే మంచము దిగలేని స్థితి మందుతో కుదరదు. ఇంట చూచుకొనువారు లేని వృద్ధులు, చికిత్సతో పనిలేకపోయినను, నెలల తరబడి ఆసుపత్రులలోనే నిలిచిపోయిరి. ఆ వ్యయభారము ఆరోగ్య బీమాను క్రుంగదీసెను. ఇంతలో, 1983లో, హిగుచి కెయికో మొదలగు స్త్రీలు ఒక సంఘముగా ఏర్పడి, ముదిమిని గూర్చిన చర్చను ఇంటి గడప దాటించి సభలకు తెచ్చిరి. 1997 డిసెంబరులో చట్టము పుట్టి, 2000 ఏప్రిల్ 1న దీర్ఘకాల సంరక్షణ బీమా అమలునకు వచ్చెను.

40 యేండ్లు నిండిన ప్రతివారును దానికి చందాదారులే. 64వ యేటివరకు ఆ చందాను ఆరోగ్య బీమాతో కలిపి వసూలు చేయుదురు, ఉద్యోగస్థులకు అందు సగము యజమాని భరించును. 65 నిండిన పిదప సాధారణముగా పింఛనునుండియే మినహాయింతురు. వృద్ధులు చేతినుండి ఇచ్చునది పోగా మిగిలిన వ్యయములో సగము చందాలనుండి, సగము పన్నులనుండి వచ్చును. దరఖాస్తు అందిన పిమ్మట పురపాలక సంఘము పంపిన మనిషి ఇంటికి వచ్చి 74 అంశములు విచారించును: ప్రక్కకు ఒత్తిగిల్లగలడా, ముద్ద మ్రింగగలడా, ఉన్నచోటు ఎరుగునా. ఆ వివరములను వైద్యుని అభిప్రాయముతో కలిపి చూచి, నిపుణుల మండలి ఏడు అంతరువులలో ఒకదానిని నిర్ణయించును. ఆ మేరకు ఇంటికి సహాయకురాలో, పగటి సంరక్షణ కేంద్రమో, స్నాన సదుపాయమో లభించును. ఖర్చులో పదవవంతు, ఆదాయము హెచ్చైనచో 20 లేక 30 శాతము, తాము పెట్టుకొనవలెను. ఆ అంతరువును నిర్ణయించుటలో కొడుకున్నాడా, కోడలున్నదా అను ప్రశ్నకు తావులేదు. నా దృష్టిలో ఈ చట్టమునకు ప్రాణము ఇదియే.

ఆ ప్రాణము సులభముగా నిలువలేదు. జర్మనీ 1995లో ఇట్టి బీమానే నెలకొల్పి, ఇంటివారే సేవ చేసినచో రొక్కమిచ్చు పద్ధతిని అందు చేర్చెను. జపానులోను రొక్కమిమ్మనినవారు కలరు. స్త్రీసంఘములలో పలువురు దానిని ప్రతిఘటించిరి. రొక్కము ఇంటికి వచ్చును, చాకిరి మాత్రము కోడలియందే స్థిరపడును అని వారి వాదము. అమలునకు కొద్ది నెలలముందు, 1999లో, అధికారపక్ష నాయకుడు కమేయి షిజుకా, బిడ్డలు తలిదండ్రులను చూచుకొను సదాచారము చెడిపోరాదని పట్టుబట్టెను. వృద్ధుల చందా ఆరు నెలలు నిలిచిపోయెను, పిదప ఒక యేడు సగమే వసూలయ్యెను. అయినను సేవనే ఇచ్చుట, రొక్కమీయకుండుట అను నియమము నిలిచెను. సదాచారమును కొనియాడువారు ఆ ఆచారమును నెరపు చేతులు ఎవరివో చెప్పరు. అవి దాదాపు ఎల్లప్పుడును ఆడువారి చేతులే. చట్టము ప్రేమకు అడ్డురాదు. ఎత్తి దించి స్నానము చేయించు భారము తొలగిన కోడలికి మామగారి చెంత కూర్చుండి మాటాడుటకు తీరిక దొరకును.

నేటి కష్టము వేరు. 2000లో నెలకు సగటున 2,911 యెన్‌లైన వృద్ధుల చందా 2024 నాటికి 6,225 అయినది. చెల్లించువారు చెల్లించుచునే యున్నారు, చేయు మనుషులే చాలరు. సేవకు వెల ప్రభుత్వము కట్టునది గనుక సహాయకుల జీతములు దానిని మించి పెరుగజాలవు. అట్టి తరుణమున, ఇంటింటికి వెళ్ళు సహాయకుల సేవకు మూలధరను 2024లో తగ్గించుట నాకు అన్యాయముగా తోచుచున్నది. 2022 నాటి సర్వే ప్రకారము ఒక్క యేడాదిలో సుమారు 1,06,000 మంది ఇంటివారిని చూచుకొనుటకై కొలువు మానిరి. 2040 నాటికి ఇంకను 5,70,000 మంది సహాయకులు కావలెనని ఆ దేశ ఆరోగ్యశాఖ అంచనా.

ఆ లోటు తెలుగునాటిని సైతము తాకినది. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ మన యువతకు జపాను భాష నేర్పించి ఈ కొలువులకు పంపుచున్నది. నిర్దిష్ట నైపుణ్య వీసాపై పోవువారికి ఆ దేశస్థులకు తక్కువ కాని జీతమీయవలెనను నిబంధన కలదు. ఇక మన దేశమున, కార్మికుల ఆరోగ్య బీమాయైన ఇ.ఎస్.ఐ. పథకమునకు కార్మికుని వేతనమునుండి 0.75 శాతము, యజమానినుండి 3.25 శాతము ఇదివరకే జమయగుచున్నది. ఆ చందాతో కార్మికునిపై ఆధారపడిన తలిదండ్రులకు వైద్యము లభించును. మంచము పట్టిన తల్లిని ఒత్తిగిలజేయు మనిషి లభింపడు. ఆ చందాకు మరికొంత చేర్చి, జపానుకు పోవు పిల్లలకు తమ జిల్లాలోనే అదే పని, బ్రతుకు గడచు జీతముతో కల్పింపదలచినచో, మొదలుపెట్టదగిన చోటు ఆ పథకమే.